జాగీరు అదాలతు మొదలు ఎన్నికల దావా వఱకు

న్యాయాధికారిని ప్రజలే వోటు వేసి యెన్నుకొందురనిన మన ప్రాంతపు పెద్దలు నేటికిని నమ్మరు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఆచారమట్టిదే. అచ్చట నొక్కొక్క కౌంటీకి నొక జడ్జి యుండును. నాలుగేండ్ల కొకమాఱు పార్టీ టిక్కెట్టుమీద నిలిచినవారిలోనుండి ప్రజలాతని నెన్నుకొందురు. అతడు నలుగురు కమిషనర్లు గల సభకు అధ్యక్షుడై రోడ్ల ఖర్చు, పన్నుల రేటు, ఏటేటి బడ్జెట్టు చూచుచు, చిన్న కౌంటీలలో కొన్ని వ్యాజ్యములను గూడ విచారించును. న్యాయశాస్త్రమున పట్టా యుండి తీరవలెనన్న నియమమును లేదు. పద్దు చూచువాడే తీర్పు చెప్పుటయు, ఆ తీర్పరి మరల వోటర్ల గడప తొక్కుటయు చదువరికి వింతగా తోచవచ్చును. కాని వికారాబాదు, తాండూరు ప్రాంతముల గతమెఱిగినవానికి అందు సగమే వింత. పద్దును తీర్పును ఒక్క చేతిలో నుంచుట మనవారు తరతరములుగ చూచినదే. చూడనిది ఆ వోటు మాత్రమే.

వికారాబాదునకు ఆ పేరు నవాబు సర్ వికారుల్ ఉమ్రా వలన వచ్చినది. పాయిగా వంశమున 1856లో పుట్టి, 1893 మొదలు 1901 వఱకు నిజాం రాజ్యమునకు ప్రధానమంత్రియై, గుట్టమీద ఫలక్‌నుమా మేడ కట్టించి, ఆ ఖర్చు తనకే భారమై తుదకు దానిని ఆఱవ నిజామున కప్పగించిన ప్రభువాయన. పాయిగాలనగా సర్కారుకొఱకు సైన్యమును పోషించు నిమిత్తము విశాలమైన భూములు పొందిన సర్దారులు; హైదరాబాదు రాజ్యమున నిజాము తరువాత అంతటి హోదా గలవారు మఱొకరు లేరు. ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాయీ అని మూడు శాఖలుగా చీలిన ఆ వంశమువారు తమ తమ ఇలాకాలలో తమ తహసీళ్లు, తమ పోలీసు, తమ అదాలతులు నిలుపుకొనియుండిరి. జాగీరు అదాలతునందు కూర్చుండు మున్సిఫును నియమించువాడు జాగీరుదారు, జీతమిచ్చువాడు జాగీరుదారు, వలదనుకొన్న నాడు ఇంటికి పంపువాడును జాగీరుదారే. ఇద్దరు రైతులకు గట్టు తగాదా వచ్చినయెడల అట్టి మున్సిఫు నిష్పక్షపాతముగ తీర్పు చెప్పుట కడ్డేమియు లేదు. చెప్పినవారు పలువు రుండియే యుందురు. రైతునకును జాగీరు సిబ్బందికిని తగవు వచ్చినప్పుడే చిక్కు. ఫిర్యాది యెవని యుప్పు తినడో ముద్దాయి ఆతని యుప్పే తినును, తీర్పరియు ఆ యుప్పే తినును.

దివానీ యనబడు సర్కారు భూములలో పద్ధతి కొంత మేలు. 1860 దశకమున ప్రధానియైన మొదటి సాలార్జంగు జిలాబందీ నేర్పఱచి, జిల్లాకు తాలూక్దారును తాలూకాకు తహసీలుదారును నిలిపి, అదాలతుల వరుసను క్రమపఱచెను. అయినను తహసీలుదారు శిస్తు వసూలు చేయుచునే ఫౌజుదారీ మొకద్దమాలను గూడ విచారించుచుండెను. అతనికి క్రింద గ్రామమున మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యను మువ్వురు వతనుదారులు. వారి యుద్యోగము తండ్రినుండి కొడుకునకు దిగునదే గాని జనులు ఒసగినది కాదు. శిస్తు కట్టలేదని పశువులను జప్తు చేసిన నౌకరుమీద మొరపెట్టుకొనదలచిన రైతు, తహసీలు కచేరి ముందట చెట్టు నీడను కూర్చున్న అర్జీనవీసునకు రెండణాలో మూడణాలో ముట్టజెప్పి, తనకు రాని ఉర్దూలో తన గోడును వ్రాయించుకొని, దాని యడుగున వేలిముద్ర వేసి, లోపలికి పోయి యెవనికి సమర్పించవలెను? ఆ జప్తునకు హుకుము వ్రాసిన దొరకే.

ఈ ముడిని విప్పినది ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాను 1921లో వెలువరించిన ఫర్మాను. న్యాయవిచారణను రెవెన్యూ అధికారులనుండి తీసి, మున్సిఫులకును ఆపై అదాలతులకును అప్పగించు నా యేర్పాటును హైదరాబాదు విద్యావంతులు సగర్వముగ చెప్పుకొనుచుండిరి. ఏలనన బ్రిటిషు ఇండియాలో కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటుగ నుండుటపై కాంగ్రెసు మహాసభలు ఏటేట తీర్మానములు చేయుచున్నను ఆ ప్రభుత్వము చెవి నిడలేదు. స్వతంత్ర భారత రాజ్యాంగము 50వ అధికరణమున ఆ వేర్పాటును ఆదర్శముగ పేర్కొనినను, దేశమంతట అది పూర్తిగ ఆచరణకు వచ్చుటకు 1973నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు రావలసివచ్చెను. నిరంకుశుడని మనము నిందించు ప్రభువు ఈ యొక్క విషయమున ప్రజాప్రభుత్వములకంటె యాబదేండ్లు ముందుండెననుట వ్రాయుటకు కొంత యిబ్బందికరమే, వ్రాయక తప్పదు. అయితే ఆ మేలు దివానీ యిలాకాలకే. జాగీరు గ్రామముల రైతు పాత గడపనే తొక్కుచుండెను.

తాండూరు సంగతి వేఱు. 1874లో సికిందరాబాదునుండి వాడి జంక్షనుకు రైలు పడినది మొదలు తాండూరునకు రాకపోకల భాగ్యము కలిగి, పలుచగ పొరలుపొరలుగ లేచు నీలపు బండలను, నల్లరేగడిలో పండిన కందులను బండ్లకెత్తి దూరదేశములకు పంపుచు, ఊరు వ్యాపారస్థలముగ పెరిగెను. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును బజారున వినబడుట కారణముగ తాండూరువాని నాలుక ఎటు త్రిప్పిన నటు తిరుగును. పరిపాలన మాత్రము పడమటివైపు. 1956 వఱకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. జిల్లా అదాలతులో అప్పీలున్నవాడు వాడిమీదుగ గుల్బర్గాకు పోవలసినదే. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగి, తాండూరు తాలూకా ఆంధ్రప్రదేశమున హైదరాబాదు జిల్లాలో కలియుటతో వ్యాజ్యగాండ్రు రైలుకు ఎదుటి దిక్కున నెక్కవలసివచ్చెను. కాగితములు మాత్రము అంత త్వరగ దిక్కు మార్చుకొనలేదు. ఉర్దూలో వ్రాసిన పాత మిసిళ్లు, సేత్వార్లు, పహాణీలు చదివి వినిపించుటకు ముసలి గుమాస్తాలను వెదకుకొనుట ఆ తరువాతను చిరకాలము వకీళ్లకు తప్పలేదు.

1948 సెప్టెంబరున పోలీసుచర్య జరుగుటయు, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు అమలునకు వచ్చుటయు వికారాబాదు ప్రాంతమున నొక్క వ్రేటున పాయిగా అదాలతులను రూపుమాపెను. ఆ తరువాత మూడేండ్లలోపలనే, అదివఱకు తమ తీర్పరినిగాని పటేలునుగాని తమ దొరనుగాని యెన్నడు నెన్నుకొని యెఱుగని జనులు, ఇరువదియొక్క యేండ్లు నిండినవారందఱు, స్త్రీపురుష భేదము లేక, వోటునకు పోయిరి. ఆనాటి వోటు నేటి వోటు వంటిది కాదు. అభ్యర్థి కొక పెట్టె వంతున, పెట్టెమీద ఆతని గుర్తు అంటించి, తెరచాటున వరుసగ నుంచెడివారు. వోటరు తన కిచ్చిన కాగితముమీద ఏ గురుతును పెట్టక తనకు నచ్చినవాని పెట్టెలో జారవిడిచి వచ్చుట, అంతే. కాడెద్దుల పెట్టె కాంగ్రెసుది. 175 స్థానముల హైదరాబాదు శాసనసభకు 1952లో వికారాబాదునుండి గెలిచినవాడు, ఆ తాలూకా పల్లెలోనే 1919లో పుట్టి, ఉస్మానియాలో వైద్యము చదివి 1941లో పట్టా పొందిన డాక్టరు మఱ్ఱి చెన్నారెడ్డి. బూర్గుల రామకృష్ణరావు మంత్రివర్గమున ఆహార వ్యవసాయశాఖలు చేపట్టునాటి కాయనకు ముప్పదిమూడేండ్లు.

ఆయన మేనమామ కొండా వెంకటరంగారెడ్డి వృత్తిచేత న్యాయవాది. 1890లో మొయినాబాదు దగ్గఱి పెద్దమంగళారమున పుట్టి, నిజాం అదాలతులలో వాదించి పేరుగని, తరువాత ఆంధ్రప్రదేశమునకు ఉపముఖ్యమంత్రియైన ఆయన పేరనే 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా యేర్పడెను; వికారాబాదు, తాండూరు రెండును అందులోనివయ్యెను. తెలంగాణను ఆంధ్రతో కలుపుటను గూర్చి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో జరిగిన పెద్దమనుషుల ఒప్పందముపై తెలంగాణపక్షమున సంతకములు చేసినవారిలో మామయు నల్లుడును ఇద్దఱు నుండిరి. మామ అదాలతునందు నిలిచి యితరుల పక్షమున వాదించెను. అల్లుడు తన్ను గుఱించిన వాదమునకు అదాలతునెదుట నిలువవలసివచ్చెను. ఆ వాదమునకు తాండూరు తావు.

చెన్నారెడ్డి 1962లో తాండూరునుండి శాసనసభకు గెలిచి రాష్ట్రమున ఆర్థికశాఖ వంటి పెద్ద బాధ్యతలు వహించి, 1967 ఫిబ్రవరిలో మరల తాండూరుననే గెలిచి, ఆ మార్చిలో ఇందిరాగాంధీ మంత్రివర్గమున ఉక్కు, గనుల శాఖకు మంత్రియై, రాజ్యసభ సభ్యుడై ఢిల్లీ చేరెను. ఆయన యెన్నికను సవాలు చేసినవాడు ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావు. నిజాం కాలపు చెరసాలలో కొరడా దెబ్బ పడినప్పుడెల్ల వందేమాతరమని యఱచి, ఆ మాటనే ఇంటిపేరుగ చేసికొన్న ఆర్యసమాజ నాయకుడాయన. తరువాతి కాలమున అధికారభాషా సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆతనిని బెదరించి దావా విరమింపజేయుట మంత్రులవలన కాదని తెలిసినవారెల్లరు నెఱుగుదురు.

ఎన్నికల దావాలకు 1951నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము మార్గము చూపుచున్నది. ఫలితము వెలువడిన నలువదియైదు దినములలోపల దావా వేయవలెను. రెండువేల రూపాయలు ధరావతు కట్టవలెను. లంచమిచ్చుట, బెదరించుట, కులమతముల పేర వోటడుగుట, వోటర్లను బండ్లమీద తఱలించుట, పరిమితికి మించి ఖర్చు చేయుట మొదలైన అక్రమములలో ఏది, ఎవరు, ఎచ్చట, ఎప్పుడు జరిపిరో తేటతెల్లముగ వ్రాసి ప్రమాణపత్రము జతపఱుపవలెను. మొదట ఈ దావాలను ఎన్నికల సంఘము నియమించు ట్రైబ్యునళ్లు విచారించుచుండెను. అందు మాటిమాటికి అప్పీళ్లు, రిట్లు అడ్డుపడి విచారణ ముగియులోపల సభ కాలమే ముగియుచుండెను. 1966లో చట్టము సవరించి ఆ యధికారమును నేరుగ హైకోర్టులకే యిచ్చిరి. కాబట్టి 1967నాటి సాధారణ యెన్నికలకే, తాండూరు ఎన్నికతో గూడ, హైకోర్టు న్యాయమూర్తి మొదటిమాఱు ప్రథమ విచారణకర్తయై కూర్చుండెను. దావా సివిలు దావావలె నడచినను, అక్రమమును ఋజువు చేయవలసిన బరువు మాత్రము నేరవిచారణమున వలెనే యని న్యాయస్థానము లాది నుండియు నొక్కి చెప్పుచున్నవి. అనుమానము మీద ఏ శాసనసభ్యుని పదవియు పోగూడదు గదా!

ఆనాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మూసీ యొడ్డున 1920 ప్రాంతమున తెఱవబడిన ఎఱ్ఱరాతి భవనమునందే యుండెను. అనంతగిరి గుట్టలలో, వికారాబాదునకు కూతవేటు దూరమున, పుట్టిన యేరే ఆ గోడల ప్రక్కగ పాఱుచున్నది. ఒక వోటు వెనుక నేమి జరిగెనో చెప్పవలసినవారు పల్లెటూరివారు. అట్టివాని చేత ప్రమాణము చేయించి, నీకు చదువు వచ్చునా, ఆనాడు ఏ వారము, జీపు రంగేమి, పటేలు నీకేమగునని యొక వకీలు ప్రశ్నింపగ, తన యూరిలో ఎవరికిని వెఱవనివాడు గూడ నల్లకోట్ల నడుమ తడబడుట సహజము. ఆ తడబాటులోనుండి నిజమును ఏఱుట న్యాయమూర్తి పని. ఇతరుల యెన్నికను విచారించు ఈ కష్టము టెక్సాసు కౌంటీ జడ్జికి సాధారణముగ ప్రాప్తింపదు. ఆతడు తన యెన్నికను తాను చూచుకొన్న చాలును.

1968లో హైకోర్టు తాండూరు ఎన్నికను రద్దుచేసెను. అక్రమాచరణము ఋజువైన యభ్యర్థికి ఆఱేండ్ల యనర్హత చట్టము విధించియుండెను. అది యే సభకైనను, ఏ నియోజకవర్గమునకైనను వర్తించునది కనుక చెన్నారెడ్డి కేంద్రమంత్రి పదవిని వదలుకొనవలసివచ్చెను. సుప్రీంకోర్టులో వేసిన యప్పీలును అదే సంవత్సరాంతమున కొట్టివేయబడెను. తాండూరు శాసనసభాస్థానమంతటి చిన్న వస్తువుకొఱకు జరిగిన వ్యాజ్యము ఢిల్లీలో ఒక కేంద్రమంత్రి కుర్చీని కదిలించుట దేశమున చాలమందిని ఉలికిపడజేసెను. తీర్పు న్యాయమైనదే యని నేను తలచుచున్నాను. రెండు న్యాయస్థానములు సాక్ష్యము చూచి యొక్కటే చెప్పిన తరువాత మనము వేఱుగ పలుకుటకు సాహసము చాలదు. ఆఱేండ్ల శిక్ష మాట వేఱు. చిన్న తప్పునకును పెద్ద తప్పునకును ఒకే కొలత వేయుట తూకపురాయి ఒక్కటే యున్న కోమటి దుకాణమువంటిది. ఆ లోపమును పార్లమెంటు 1975లో సవరించి, అనర్హత యెన్నాళ్లో నిర్ణయించు నధికారమును, ఆఱేండ్లకు మించకుండ, రాష్ట్రపతి కిచ్చెను.

తీర్పునకు తరువాతి కథ తెలంగాణలో ఎవరికిని తెలియనిది కాదు. 1969 జనవరిలో విద్యార్థులు లేవనెత్తిన ప్రత్యేక తెలంగాణోద్యమమునకు ఆ మేలో చెన్నారెడ్డి తెలంగాణ ప్రజాసమితి అధ్యక్షుడై నాయకత్వము వహించెను. 1971 లోకసభ యెన్నికలలో సమితి తెలంగాణలోని పదునాలుగు స్థానములలో పదింటిని గెలువగ, ఆ గెలుపునకు కారకుడైన నాయకుడు మాత్రము అనర్హతవలన తాను నిలువలేకపోయెను. కోర్టు ఆయనను కుర్చీనుండి దింపుటవలననే ఉద్యమములోనికి దిగెనని కొందఱందురు. ఆయన పుట్టి పెరిగిన గడ్డ ముల్కీ సమస్యను, అనగా ఉద్యోగములలో స్థానికుల హక్కు సమస్యను, అంతకుముందే యెఱుగునని మఱికొందఱందురు. నాకు రెండును నిజములుగనే తోచుచున్నవి. ఆ యిద్దఱు నొకరినొకరు కాదన నక్కఱలేదు.

ఇంతకంటె విచిత్రము మఱొకటి జరిగెను. 1974 అక్టోబరున చెన్నారెడ్డి ఉత్తరప్రదేశమునకు గవర్నరయ్యెను. ఆ రాష్ట్రములోని అలహాబాదు హైకోర్టు 1975 జూన్ 12న, రాజనారాయణు వేసిన దావాలో, రాయబరేలీ యెన్నికను రద్దుచేసి ప్రధానమంత్రి ఇందిరాగాంధీకి ఆఱేండ్ల యనర్హత విధించెను. తీర్పు చెప్పిన న్యాయమూర్తి జగ్మోహన్‌లాల్ సిన్హా. చట్టము అదే, శిక్ష అదే. ఏడేండ్ల క్రిందట తాండూరు వ్యాజ్యమున ఆ శిక్ష యనుభవించినవాడే లక్నో రాజభవనమున కూర్చుండి ఆ వార్త విన్నవాడు. ఆపైన, మన రాజ్యాంగపు 233వ అధికరణము ప్రకారము జిల్లా న్యాయాధిపతులను నియమించువాడు గవర్నరు, హైకోర్టుతో సంప్రదింపక తప్పదు గాని ఉత్తర్వు ఆతని పేరననే వెలువడును. న్యాయస్థానము చేత ఓడినవాని పేరనే న్యాయాధిపతులు పీఠమెక్కిరి. చెన్నారెడ్డి 1978లో మేడ్చలు నుండి గెలిచి ఆంధ్రప్రదేశమునకు ముఖ్యమంత్రియయ్యెను. 1989లో మరల ఆ పదవి నధిష్ఠించెను. 1996 డిసెంబరు 2న తమిళనాడు గవర్నరుగ నుండగనే కన్నుమూసెను.

2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లాకేంద్రమయ్యెను. 2022 జూన్ 2న తెలంగాణలోని న్యాయజిల్లాలను రెవెన్యూ జిల్లాలతో సరిసమానముగ ముప్పదిమూడింటికి పెంచుటతో జిల్లా న్యాయస్థానమును వచ్చెను. ప్రభువు అదాలతు పోయిన యూరికి ప్రిన్సిపల్ జిల్లా జడ్జి వచ్చుటకు డెబ్బదిమూడేండ్లు పట్టినది. శాసనసభ యెన్నికల దావాలు నేటికిని హైకోర్టునకే పోవును. గ్రామపంచాయతీ యెన్నికల వ్యాజ్యములు మాత్రము స్థానిక జూనియర్ సివిల్ జడ్జి యెదుటనే విచారణకు వచ్చును. పాతవాడుకలో ఆయననే మున్సిఫందురు. ఇచ్చటి దావాలలో జీపులు, లంచములకంటె లెక్కింపు తగాదాయే హెచ్చు. మూడు వోట్లతో నైదు వోట్లతో ఓడిన సర్పంచి అభ్యర్థి మరల లెక్కింపవలెనని కోరును, గెలిచినవాడు వలదనును, సంచులు విప్పినచో రహస్యపు వోటుకు భంగము కలుగును కనుక, కేవలము ఓడినవాని యసంతృప్తి చాలదనియు, ఏ బూతున ఏ కట్టలో తప్పు దొరలెనో నిర్దిష్టముగ చూపవలెననియు జడ్జి చెప్పును. గెలిచినవాడు తెలుగున చెప్పినది గుమాస్తా కంప్యూటరుమీద కొట్టుచుండును. వరండాలో ఇరుపక్షములవారు వేఱువేఱు బల్లలమీద కూర్చుండి, పేషీ వాయిదా పడినదని తెలిసినప్పుడు ఒకే బస్సెక్కి ఊరికి పోవుదురు.